ఒకే పంపులో రెండు మందులు – ఉబ్బసం, దమ్ము ఉన్న ఇళ్లకు కొన్ని మాటలు

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఊపిరితిత్తుల వైద్యులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విద్యార్థి వేతనం అందుకుంటున్న పిల్లలందరికీ ముందుగా అభినందనలు. ఈ వేతనం వెనుక మీ కష్టం ఉంది. మీ కంటే ముందు మీ అమ్మానాన్నల కష్టం ఉంది. సాంచాల దగ్గర నిలబడి, కండెలు చుట్టి, బీములు మోసి మిమ్మల్ని చదివిస్తున్నారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నాకు తెలిసిన విషయం ఊపిరి. అందుకని దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఉబ్బసం ఉన్న పిల్లవాడు నా దగ్గరికి వస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఏడాది బడికి ఎన్ని రోజులు పోలేదు?" తల్లి వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వారం, దీపావళి తర్వాత నాలుగు రోజులు, చలికాలంలో మరో పది రోజులు. రాత్రి దగ్గుతో నిద్రలేని పిల్లవాడు పగలు తరగతిలో కూర్చున్నా పాఠం బుర్రకెక్కదు. ట్రస్టు ఫీజు కట్టగలదు, పుస్తకాలు కొనివ్వగలదు. పోయిన రోజులను తెచ్చివ్వలేదు. ఆ రోజులు పోకుండా చూసే మందు ఉంది. చాలా ఇళ్లలో దాన్ని తెచ్చుకోవడం లేదు, లేదా తెచ్చుకుని మధ్యలో మానేస్తున్నారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

మన ఊరు, మన గాలి

కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుంచి మన పెద్దలు బతుకుతెరువు వెదుక్కుంటూ షోలాపూర్‌కు, ముంబయికి, ఈ భివండీకి వచ్చారు. మగ్గం విద్య తెలిసినవారు కాబట్టి పవర్‌లూమ్ పని చేతికి తొందరగా వచ్చింది. పద్మానగర్ వంటి పేటలు అలా ఏర్పడ్డాయి. ఈ ఊరు మనకు అన్నం పెట్టింది. అయితే సాంచా ఆడుతున్నంతసేపూ నూలు నుంచి నుసి లేస్తుంది. షెడ్డులో కిటికీలు మూసి ఉంటే ఆ నుసి పోవడానికి దారి ఉండదు. దానికి తోడు రోడ్డు దుమ్ము, లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, వానాకాలంలో గోడలకు పట్టే బూజు.

పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బుకు వైద్యంలో 'బిసినోసిస్' అని ప్రత్యేకంగా పేరే ఉంది. దీని గుర్తు విచిత్రంగా ఉంటుంది. వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజు ఛాతీ బిగపట్టినట్లు ఉంటుంది. రెండో రోజు, మూడో రోజు తగ్గుతుంది. మళ్లీ సెలవు తర్వాత మొదటి రోజు అదే బాధ. ఆదివారం సెలవుండే దేశాల్లో దీన్ని 'సోమవారపు జ్వరం' అన్నారు. మొదట్లో పట్టుకుంటే, దుమ్ముకు దూరమైతే ఇది తగ్గుతుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే వారమంతా ఆయాసం ఉండిపోతుంది. ఈ జబ్బు ఎక్కువగా నూలు మిల్లుల్లో దూది విడదీసే, ఏకే విభాగాల్లో వస్తుంది. నేత షెడ్డులో ముప్పు అంతకన్నా తక్కువే. కాని 20, 30 ఏళ్లు మూసిన షెడ్డులో పనిచేసి, పైన బీడీ కూడా తాగితే నష్టం కలిసి పెరుగుతుంది.

రెండు జబ్బులు – ఒకే పేరు

మన ఇళ్లలో ఆయాసం ఏదైనా 'దమ్ము' అనే అంటారు. నిజానికి అందులో రెండు ముఖ్యమైన జబ్బులు ఉన్నాయి.

మొదటిది ఉబ్బసం, అంటే ఆస్తమా. ఇది తరచుగా చిన్నతనంలోనే మొదలవుతుంది. వస్తుంది, పోతుంది. తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, పరుగెత్తితే ఆయాసం. మధ్యలో పిల్లవాడు బాగానే ఉంటాడు. అందుకే తల్లిదండ్రులు జబ్బు పోయిందనుకుంటారు.

రెండవది సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. సాధారణంగా 40 ఏళ్లు దాటినవారికి వస్తుంది. ఏళ్లకేళ్లు పీల్చిన బీడీ పొగ, కట్టెల పొయ్యి పొగ, పనిచోటి దుమ్ము దీనికి కారణాలు. ఇది వచ్చి పోయేది కాదు. మెట్లెక్కడం, నీళ్ల బిందె ఎత్తడం, చివరికి స్నానం చేయడం కూడా ఒక్కొక్కటిగా కష్టమవుతూ పోతుంది. ఒక్క బీడీ కూడా తాగని అమ్మలకు కూడా కట్టెల పొయ్యి వల్ల ఇది రావచ్చు.

ఈ రెండింటిని వేరుచేయడానికి స్పైరోమెట్రీ అనే పరీక్ష ఉంది. గొట్టంలోకి గట్టిగా ఊదాలి. తర్వాత ఊపిరితిత్తుల గొట్టాలను తెరిచే మందు ఇచ్చి 15 నిమిషాలకు మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి పెద్దవారిలో 12 శాతం, 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే ఉబ్బసం అనే అనుమానం బలపడుతుంది. మందు ఇచ్చాక కూడా గొట్టాలు ఇరుకుగానే ఉంటే సీఓపీడీ గురించి ఆలోచిస్తాం.

ఇంకో ముఖ్యమైన మాట. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ముందు గళ్ల పరీక్ష చేయించండి. ఇరుకు ఇళ్లు ఉన్న ఊళ్లలో క్షయ ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్ష, ఆ మందులు ఉచితం. క్షయను దమ్ము అనుకుని పంపు పీలుస్తూ కూర్చోకూడదు.

రెండు పనులు, రెండు మందులు

ఉబ్బసం వచ్చినప్పుడు ఊపిరితిత్తుల గొట్టాలలో రెండు జరుగుతాయి. గొట్టం చుట్టూ ఉన్న సన్నని కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాచి, జిగట కారుతుంది. బిగుసుకోవడం నిమిషాల్లో జరుగుతుంది. వాపు రోజుల తరబడి లోలోపల పెరుగుతుంది.

చాలా ఇళ్లలో ఉండేది సాల్బుటమాల్ పంపు. ఆస్థాలిన్ అనే పేరుతో మీలో చాలామందికి తెలుసు. అది కండరాన్ని సడలిస్తుంది. కొద్ది నిమిషాల్లో హాయిగా ఉంటుంది, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. వాపును మాత్రం అది ముట్టుకోదు. ఇంటి కప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టినట్లు అనుకోండి. నేల తడవదు, కప్పు మాత్రం పాడవుతూనే ఉంటుంది. రోజుకు రెండుసార్లు పీల్చేది నాలుగుసార్లవుతుంది, తర్వాత ఆరుసార్లవుతుంది. ఒక రాత్రి పంపు పనిచేయదు.

ఇది ఊహ కాదు. న్యూజిలాండ్‌లో 1976 నుంచి ఉబ్బసం మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. ఫెనోటెరాల్ అనే బలమైన తక్షణ ఉపశమన పంపు అక్కడ విరివిగా వాడారు. 1989లో పరిశోధకులు ఆ సంబంధాన్ని బయటపెట్టారు. ఆ మందు వాడకంపై నియంత్రణలు వచ్చాక మరణాలు తగ్గాయి. గినా అనే అంతర్జాతీయ ఉబ్బస నిపుణుల సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది: పెద్దవారికి, 12 ఏళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ వంటి మందు ఒక్కదానితోనే ఉబ్బసం వైద్యం చేయకూడదు, వాపు తగ్గించే మందు తోడు ఉండాలి. ఏడాదికి మూడు లేక అంతకు మించి సాల్బుటమాల్ డబ్బాలు ఖర్చయితే తీవ్రమైన దాడుల ముప్పు పెరుగుతుంది. పన్నెండు ఖర్చయితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది. పిల్లలూ, ఈ లెక్క మీరే వేయవచ్చు. ఇంట్లో ఏడాదికి ఎన్ని డబ్బాలు అయ్యాయో రాసిపెట్టండి.

వాపు తగ్గించే మందు పీల్చే స్టెరాయిడ్. బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథసోన్ వంటివి. ఇది పనిచేయడానికి రోజులు పడుతుంది. పీల్చగానే హాయి తెలియదు. కష్టమంతా ఇక్కడే ఉంది. హాయినిచ్చే పంపును జేబులో పెట్టుకుంటారు, కాపాడే పంపును అటక మీద పెడతారు.

ఈ చిక్కును తీర్చడానికి వచ్చిందే కాంబినేషన్ ఇన్‌హేలర్. వాపు తగ్గించే స్టెరాయిడ్, 12 గంటలు గొట్టాలను తెరిచి ఉంచే మరో మందు, రెండూ ఒకే పంపులో ఉంటాయి. ఆ రెండో మందు ఫార్మోటెరాల్ గాని, సాల్మెటెరాల్ గాని అయి ఉంటుంది. 2000 ప్రాంతంలో ఈ జంట మందులు ప్రపంచమంతా వాడకంలోకి వచ్చాయి. ఫోరాకార్ట్, సెరోఫ్లో, బుడామేట్ వంటి పేర్లతో మన కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి. పేర్లు గుర్తుపట్టడానికి చెబుతున్నాను, ఫలానాది కొనమని కాదు. ఒకే పంపులో ఉండటం వల్ల లాభం ఏమిటంటే, హాయి కోసం పీల్చినా వాపు మందు కూడా లోపలికి వెళ్లి తీరుతుంది. పైగా 12 గంటల మందును ఉబ్బసంలో స్టెరాయిడ్ తోడు లేకుండా ఒంటరిగా వాడటం ప్రమాదం. ఒకే డబ్బాలో ఉంటే ఆ ప్రమాదానికి తావుండదు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఫార్మోటెరాల్ రెండు మూడు నిమిషాల్లోనే పనిచేస్తుంది. అందుకని బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ పంపును కొందరికి రోజువారీ మందుగాను, ఆయాసం వచ్చినప్పుడు వాడే మందుగాను కూడా డాక్టర్లు రాస్తారు. సాల్మెటెరాల్ నెమ్మదిగా పనిచేస్తుంది. దాడి వచ్చినప్పుడు అది పనికిరాదు. మీ పంపు ఏ రకమో, రోజుకు ఎన్నిసార్లకు మించకూడదో డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి.

పెద్దవారి దమ్ము

తండ్రులకు, తాతలకు వచ్చే సీఓపీడీకి కూడా జంట మందులు ఉన్నాయి. అయితే జంట వేరు. దీనిలో చాలామందికి మొదట ఇచ్చేది గొట్టాలను తెరిచే రెండు రకాల మందులు కలిసిన పంపు. అందులో ఒకటి టియోట్రోపియం, గ్లైకోపైరోనియం వంటి మందు. మళ్లీమళ్లీ జబ్బు తిరగబెట్టి ఆసుపత్రి పాలయ్యేవారికి, రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు ఎక్కువగా ఉన్నవారికి స్టెరాయిడ్ కూడా కలుపుతారు. 2007లో వెలువడిన టార్చ్ అనే పెద్ద పరిశోధనలో సాల్మెటెరాల్-ఫ్లూటికాసోన్ వాడిన సీఓపీడీ రోగులకు జబ్బు తిరగబెట్టడం తగ్గింది. అదే పరిశోధనలో వారికి న్యుమోనియా కొంత ఎక్కువగా వచ్చింది. అందుకే పక్కింటివారికి బాగా పనిచేసిన పంపు మీ నాన్నకు పట్టకండి.

ఇంకో నిజం చెప్పాలి. సీఓపీడీలో పాడైన ఊపిరితిత్తిని ఏ పంపూ కొత్తదిగా చేయదు. ఆయాసం తగ్గిస్తుంది, ఆసుపత్రి రోజులు తగ్గిస్తుంది, నాలుగడుగులు ఎక్కువ నడిపిస్తుంది. మిగిలిన ఊపిరితిత్తిని కాపాడేది బీడీ మానడమే. పంపు పీల్చి ఆ వెంటనే బీడీ వెలిగిస్తే కుండకు చిల్లి ఉంచి నీళ్లు పోసినట్లే.

భయాలు – లెక్కలు

"పంపు అలవాటైతే జీవితాంతం వదలదట గదా సార్" అని అడుగుతారు. పంపుకు సారాకున్నట్లు వ్యసన గుణం లేదు. జబ్బు దీర్ఘకాలం ఉంటుంది కాబట్టి మందు దీర్ఘకాలం కావాలి. కళ్లద్దాలు పెట్టుకున్నవారిని అలవాటు పడ్డారని మనం అనడం లేదు. కొన్ని నెలలు జబ్బు అదుపులో ఉంటే డాక్టరే మోతాదు తగ్గిస్తారు.

"స్టెరాయిడ్ అంటే ఒళ్లు పాడవుతుంది గదా" అంటారు. లెక్క వేద్దాం. ఒక మిల్లీగ్రాము అంటే 1000 మైక్రోగ్రాములు. ఆయాసానికి మింగించే ప్రెడ్నిసొలోన్ చిన్న మాత్ర 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. ఒక పఫ్‌లో బుడెసొనైడ్ తరచుగా 100 లేదా 200 మైక్రోగ్రాములు. రెండూ వేరు మందులు కాబట్టి నేరుగా సమానం చేయలేం. అయినా పరిమాణంలో ఎంత తేడా ఉందో చూడండి. సాల్బుటమాల్ సంగతి ఇంకా తేలిక. అదే మందు మాత్రలో 4000 మైక్రోగ్రాములు, ఒక పఫ్‌లో 100. మాత్ర కడుపులోకి, రక్తంలోకి వెళ్లి ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పంపు మందు జబ్బు ఉన్న చోటికే పోతుంది. నిజంగా భయపడవలసింది డాక్టరుకు చూపకుండా నెలల తరబడి తెచ్చి మింగే దమ్ము మాత్రలకు. పొట్లాల్లో పేరు లేకుండా ఇచ్చే మందులకు కూడా.

దుష్ఫలితాలు అసలు లేవా? ఉన్నాయి, దాచను. గొంతు బొంగురు పోవచ్చు, నోట్లో తెల్లని పొర కట్టవచ్చు. పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రావు. పిల్లల ఎదుగుదల గురించి అమెరికాలో చేసిన ఒక దీర్ఘకాల పరిశోధన ఫలితం 2012లో వచ్చింది. చిన్నతనంలో ఏళ్ల తరబడి బుడెసొనైడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నారు. ఒక పక్క ఆ సెంటీమీటరు, మరో పక్క నిద్ర, బడి, ఆట, ప్రాణం. తూకం మీరే వేయండి.

ఆడపిల్లల తల్లులతో ఒక మాట. "పంపు పీలుస్తుందని తెలిస్తే సంబంధాలు రావు సార్" అని మందు దాచేవారిని చూస్తున్నాను. నలుగురిలో ఉన్నప్పుడు పిల్ల పంపు తీయదు. పెళ్లింట్లో, పరీక్ష హాలులో ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం కాంబినేషన్ పంపు ఇంట్లో పీల్చే అమ్మాయికి నలుగురిలో తీయవలసిన అవసరమే చాలా అరుదు. దాచడం వల్ల జబ్బు దాగదు. వైద్యం వల్ల అదుపులో ఉంటుంది.

ఖర్చు సంగతి. కాంబినేషన్ పంపు సాల్బుటమాల్ కంటే ఖరీదు, నిజమే. బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ జంట మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటరులో, జన్ ఔషధి దుకాణంలో ముందు అడగండి. ఒక్క రాత్రి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు, పోయే కూలి కూడా కలిపి చూడండి.

పంపు పట్టే పద్ధతి

1955లో అమెరికాలో ఉబ్బసం ఉన్న 13 ఏళ్ల అమ్మాయి ఒకరు, రైకర్ అనే మందుల కంపెనీ అధ్యక్షుడైన తన తండ్రిని అడిగిందట: జుట్టుకు కొట్టుకునే స్ప్రే లాగా నా మందు కూడా డబ్బాలో ఎందుకు రాకూడదు అని. 1956లో మొదటి పంపు బజారుకు వచ్చింది. పిల్లల ప్రశ్నకు అంత విలువ ఉంది.

కాని పంపు సరిగా పట్టకపోతే మందు నాలుక మీదే పడిపోతుంది. పద్ధతి ఇది:

1. మూత తీసి బాగా ఊపండి. నిటారుగా కూర్చోండి లేదా నిలబడండి.
2. ఊపిరి పూర్తిగా బయటికి వదలండి.
3. పెదవులతో గట్టిగా మూసి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు డబ్బా నొక్కండి. లోతుగా పీలుస్తూనే ఉండండి.
4. పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టండి.
5. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి మళ్లీ ఊపి తీసుకోండి.
6. చివర నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి.

పొడి మందు ఉండే రోటాహేలర్ అయితే పద్ధతి వేరు. దానిలోకి ఊదకూడదు. వేగంగా, బలంగా, లోతుగా పీల్చాలి. ఆ క్యాప్సూల్‌ను మింగేవారు కూడా ఉన్నారు. అది మింగడానికి కాదు. వానాకాలంలో చెమ్మ తగలకుండా దాని డబ్బాలోనే ఉంచండి.

పిల్లలకు, ముసలివారికి నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు. వారికి స్పేసర్ అనే గుల్ల గొట్టం కావాలి. కొనలేకపోతే దారి ఉంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో చేసిన పరిశోధన 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి సరిపోయే రంధ్రం చేసి, గాలి పోకుండా బిగిస్తే, కొన్న స్పేసర్ లాగానే పనిచేసిందని అందులో తేలింది. సీసాను సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరబెట్టాలి. పంపును అడుగు రంధ్రంలో అమర్చి, సీసా మూతి దగ్గర పిల్లవాడు నోరు పెట్టి పీల్చాలి. చేసిన తర్వాత ఒకసారి డాక్టరుకు చూపించండి.

మృగశిర కార్తె మందు

తెలుగువారి సభలో చేప మందు ప్రస్తావన రాకుండా ఉండదు. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచి జనం వెళతారు. నమ్మకంతో వెళ్లేవారిని నేను వద్దనను. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని వైద్య పరిశోధనలో రుజువు కాలేదు. ఒక్క మాట మాత్రం వినండి. మందు మింగి వచ్చి పంపు మానేయకండి. మృగశిరతోనే వానలు వస్తాయి, జూన్‌లోనే బడులు తెరుస్తారు, చెమ్మ, బూజు, జలుబు మొదలవుతాయి. పంపు అన్నిటికన్నా అవసరమైన రోజులు అవే. రైలెక్కేటప్పుడు పంపు సంచిలో ఉండాలి, తిరిగి వచ్చాక కూడా చేతిలో ఉండాలి.

ఆపద గుర్తులు

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, డొక్కలు లోపలికి పోవడం, పెదవులు నీలిబారడం, మగతగా ఉండటం, తక్షణ మందు పనిచేయకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి. రోగిని పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. సాల్బుటమాల్‌ను స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు ఇవ్వండి. 108కి ఫోన్ చేయండి, లేదా ఆటోలో ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో కూడా కొన్ని నిమిషాలకోసారి ఇస్తూ ఉండండి. పిల్లికూతలు ఆగిపోయి ఆయాసం మాత్రం పెరిగితే జబ్బు తగ్గిందనుకోకండి. గాలి ఆడటం లేదని అర్థం.

సాంచాల దగ్గర, ఇంట్లో

పంపు ఉంది కదా అని దుమ్ము పీల్చవచ్చునని అర్థం కాదు. షెడ్డును పొడి చీపురుతో ఊడ్చితే నేల మీది నుసి మళ్లీ గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవాలి. సాంచా మీది నుసిని గాలి గొట్టంతో ఊదేటప్పుడు దగ్గర ఉండకండి. ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టమని యజమానిని నలుగురూ కలిసి అడగండి. షెడ్డు సొంతదైన పెద్దలు ఈ సభలోనూ ఉన్నారు. వారికి నా మనవి కూడా అదే. పని బట్టలు ఇంటి బయట దులిపి లోపలికి రండి. ఉబ్బసం ఉన్న పిల్లను సాంచాల షెడ్డులో పడుకోబెట్టకండి.

ఇంట్లో దోమల చుట్ట మానండి. 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒక దోమల చుట్ట కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానం. దోమతెర కట్టుకోండి. అగరువత్తి పొగ, ధూపం కూడా ఉబ్బసం ఉన్న పిల్లకు పడవు.

చివరి మాట

ప్రపంచంలోని ఉబ్బస రోగులలో నూటికి సుమారు 13 మంది మన దేశంలో ఉన్నారు. ఉబ్బసంతో చనిపోయేవారిలో మాత్రం నూటికి 40 మందికి పైగా మనవారే. 2019 నాటి అంచనాలు ఇవి. మన ఊపిరితిత్తులు వేరే మట్టితో చేసినవి కావు. వాపు తగ్గించే మందు అవసరమైన వారికి చేరకపోవడం, చేరినా మానేయడం ఇందుకు పెద్ద కారణం. ఫిన్లండ్ దేశం 1994 నుంచి 2004 వరకు ఒక కార్యక్రమం నడిపింది. డాక్టర్లకు, నర్సులకు, మందుల దుకాణాల వారికి శిక్షణ ఇచ్చి, వాపు మందును తొందరగా మొదలుపెట్టించింది. ఉబ్బసం ఉన్నవారి సంఖ్య పెరిగినా ఆసుపత్రిలో గడిపిన రోజులు సగానికి పైగా తగ్గాయి. కొత్త మందు కనిపెట్టలేదు. ఉన్న మందును సరిగా వాడించారు. ఆ పని మనమూ చేయగలం.

పిల్లలూ, మీకు ఈ రోజు ఒక ఇంటి పని ఇస్తున్నాను. మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని పంపు ఉంటే ఇవాళే చూడండి. డబ్బా మీది అక్షరాలు మీరు చదవగలరు, మీ నాయనమ్మ చదవలేకపోవచ్చు. సాల్బుటమాల్ ఒక్కటే ఉందా, వాపు మందు కూడా ఉందా? గడువు తేదీ ఉందా, దాటిందా? నాన్న ఎలా పీలుస్తున్నాడు? నేను చెప్పిన ఆరు మెట్లు పక్కన కూర్చుని చూపించండి. సాల్బుటమాల్ ఒక్కటే ఉంటే ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మందు మార్చేది డాక్టరే, మీరు కాదు. తీసుకెళ్లవలసింది మాత్రం మీరు.

తల్లిదండ్రులారా, ఉబ్బసం ఉన్న పిల్లవాడు చదువులో గాని, ఆటలో గాని ఎవరికీ తీసిపోనక్కరలేదు. పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షలు చలికాలం చివర వస్తాయి. వాటికి మూడు నెలల ముందు నుంచీ మందు ఒక్క రోజు కూడా తప్పకుండా చూడండి. ట్యూషన్ ఫీజుతో పాటు పంపు ఖర్చును కూడా చదువు ఖర్చుగానే రాసుకోండి.